హైదరాబాద్‌లో అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన రికార్డుల్లో 14వ తేదీ కింద ఎందుకు ఉంది?

ప్రశ్న: సాంఘికం మాస్టారు, ఉప్పల్

నమస్కారం. మా పాఠశాలలో ఎనిమిదో తరగతి పిల్లల చేత ఒక గోడపత్రిక తయారు చేయిస్తున్నాను. ఏడాదిలో ఒక్క తేదీని తీసుకొని, ఆ తేదీన హైదరాబాద్‌లో ఏయే సంవత్సరాల్లో ఎంత వాన కురిసింది, ఎండ ఎంత కాసింది, తెల్లవారుజామున చలి ఎంతకు దిగింది అన్నవి ఒక్క చోట చూపించాలన్నది మా ఆలోచన. ఏ తేదీ తీసుకుందామని అడిగితే పిల్లలందరూ అక్టోబర్ 13 అన్నారు. 2020లో ఆ సాయంత్రం నుంచి రాత్రంతా కురిసిన వాన ఉప్పల్, ఎల్బీనగర్, హయత్‌నగర్ వైపు ఎవరూ మరచిపోలేదు. మా వీధిలో ఒక ఇంటి ప్రహరీ మీద నీళ్లు నిలిచిన ఎత్తును గుర్తుగా గీసిన సున్నపు గీత ఇప్పటికీ ఉంది.

పని మొదలుపెట్టాక మూడు చిక్కులు ఎదురయ్యాయి. మొదటిది తేదీ. వాతావరణ శాఖ అంకెల్లో 2020 అక్టోబర్ 13 ఎదుట ఉన్న వర్షపాతం మేము చూసిన రాత్రికి ఏ మాత్రం సరిపోవడం లేదు, 191.8 మిల్లీమీటర్లన్న పెద్ద అంకె 14వ తేదీ ఎదుట ఉంది. 14వ తేదీ పగలు మా వైపు జనం ఇళ్లలోంచి నీళ్లు తోడుకుంటున్నారే తప్ప అంత వాన కురవలేదు. రెండవది, అదే రాత్రికి పత్రికల్లో 32 సెంటీమీటర్లని ఒక అంకె, వాతావరణ శాఖ పేరుతో 19 సెంటీమీటర్లని ఇంకొకటి, పాత తేదీల వాతావరణం చూపించే ఒక వెబ్‌సైటులో ఈ రెండింటి కంటే బాగా తక్కువగా మరొకటి కనిపించాయి. మూడవది, ఆ తేదీకి 'సగటు వర్షపాతం' అని ఒక అంకె ఇవ్వవచ్చా, ఇస్తే దానికి అర్థం ఉంటుందా అన్నది. పిల్లలు గోడ మీద రాసేది తప్పు కాకూడదని నా ఆరాటం. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం: విశ్రాంత పరిశీలకుడు, మచిలీపట్నం

మాస్టారూ, నమస్కారం. వాతావరణ పరిశీలన కేంద్రంలో వర్షమాపకం చదవడమే ఉద్యోగంగా గడిపినవాడిని కనుక మీ మొదటి ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను. మీ పిల్లల జ్ఞాపకమూ నిజమే, పట్టికా నిజమే.

ప్రపంచమంతటా వాతావరణ కేంద్రాలు ఒకే క్షణంలో పరిశీలనలు తీసుకోవాలన్న నియమం ఉంది. సార్వత్రిక కాలమానం ప్రకారం సున్నా గంటలు, 3 గంటలు, 6 గంటలు, ఇలా మూడేసి గంటలకు ఒకసారి అన్ని దేశాల వాళ్లూ పరికరాలు చదువుతారు. ఆ కాలమానం కంటే మనం ఐదున్నర గంటలు ముందుంటాం కాబట్టి అక్కడి 3 గంటలంటే మనకు ఉదయం 8.30. మన దేశంలో రోజువారీ వర్షపాతాన్ని ఆ వేళకే కొలుస్తారు, కొలిచిన రోజు తేదీ కిందే రాస్తారు. కాబట్టి పట్టికలో 14వ తేదీ ఎదుట ఉన్న 191.8 మిల్లీమీటర్లు 13వ తేదీ ఉదయం 8.30 నుంచి 14వ తేదీ ఉదయం 8.30 వరకు కురిసిన వాన. 13వ తేదీ సాయంత్రం, రాత్రి, మరునాటి తెల్లవారుజాము అన్నీ అందులోకే వస్తాయి. 14వ తేదీ మధ్యాహ్నం ఒక జల్లు పడి ఉంటే అది 15వ తేదీ లెక్కలోకి వెళ్తుంది. ఇక 13వ తేదీ ఎదుట మీరు చూసిన అంకె 12వ తేదీ ఉదయం నుంచి 13వ తేదీ ఉదయం దాకా కురిసినది.

ఆ కొలత ఎలా జరుగుతుందో పిల్లలకు చెబితే తేదీ సంగతి వాళ్లకు సులువుగా అర్థమవుతుంది. మామూలు వర్షమాపకంలో పైన గరాటు, లోపల సీసా ఉంటాయి. ఉదయం 8.30కు గరాటు తీసి, సీసాలో చేరిన నీటిని గీతలున్న కొలగాజులో పోసి, కంటికి సమానమైన ఎత్తులో నిలువుగా పట్టుకొని చదవాలి. గాజు అంచుల వెంబడి నీరు కొంచెం పైకి ఎగబాకి ఉంటుంది. దాన్ని వదిలి, నడుమ పల్లంగా ఉన్న మట్టాన్నే లెక్కలోకి తీసుకోవాలి. చదివిన వెంటనే నీటిని పారబోసి సీసాను మళ్లీ లోపల పెడితే అక్కడి నుంచి కొత్త రోజు మొదలవుతుంది. కుండపోతగా కురిసే రాత్రుల్లో సీసా నిండి పొర్లిపోయే ప్రమాదం ఉంటుంది కనుక మధ్యమధ్యలో వెళ్లి కొలిచి రాసి పెట్టుకొని, ఉదయం 8.30కు అన్నింటినీ కూడి ఒకే అంకెగా నమోదు చేస్తాం. వాన ఏ గంటలో ఎంత పడిందో తెలియాలంటే దాని పక్కనే స్వయంగా గీసే వర్షమాపకం ఉండాలి. అందులో గడియారంతో తిరిగే డ్రమ్ముకు చుట్టిన కాగితం మీద ఒక కలం, నీరు చేరేకొద్దీ పైకి గీస్తూ పోతుంది. 10 మిల్లీమీటర్లు చేరగానే నీరంతా గొట్టం గుండా బయటికి పోయి కలం ఒక్కసారిగా అడుగుకు దిగుతుంది. 191.8 మిల్లీమీటర్ల వానకు ఆ కలం 19 సార్లు కింది దాకా దిగి లేస్తుంది. అలాంటి కాగితం నకలు ఎక్కడైనా దొరికితే మీ గోడపత్రికలో తప్పక అంటించండి, దట్టంగా నిలబడిన ఆ గీతలను చూస్తే ఏ గంటలో వాన విరుచుకుపడిందో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఉష్ణోగ్రతల విషయంలో ఇంకొంత జాగ్రత్త అవసరం. కనిష్ఠం సాధారణంగా తెల్లవారుజామున, గరిష్ఠం మధ్యాహ్నం రెండు, మూడు గంటల ప్రాంతంలో నమోదవుతాయి. రోజూ ఉదయం వాతావరణ శాఖ ఇచ్చే నగర వివరాల్లో గరిష్ఠం నిన్నటిది, కనిష్ఠం ఈ రోజుది, వర్షపాతం నిన్న ఉదయం 8.30 నుంచి ఈ ఉదయం 8.30 వరకు కురిసినది. మూడూ ఒకే చోట వరుసగా కనిపించినా మూడింటి వేళలు వేరు. గోడపత్రికలో ఏదైనా తేదీకి ఈ మూడూ రాసేటప్పుడు, గరిష్ఠం ఆ తేదీ మధ్యాహ్నానిదేనా అని ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

ఆ వాన ఎక్కడి నుంచి వచ్చిందన్నది కూడా తేదీ సంగతిని బలపరుస్తుంది. బంగాళాఖాతంలోని తీవ్ర వాయుగుండం 13వ తేదీ ఉదయం 6.30, 7.30 గంటల మధ్య కాకినాడ దగ్గర తీరం దాటి, పశ్చిమ వాయవ్య దిశగా తెలంగాణ మీదికి కదిలింది. ఉదయం తీరం దాటిన వాయుగుండం సాయంత్రానికి మీ మీదికి చేరింది కాబట్టి వాన దాదాపు అంతా 13వ తేదీ 8.30 తరువాతే కురిసింది. పత్రికల్లో వచ్చిన దాని ప్రకారం, అక్టోబర్ నెలలో హైదరాబాద్‌కు అంతకు ముందున్న రికార్డు 1903 అక్టోబర్ 6 నాటి 117.1 మిల్లీమీటర్లు. 117 ఏళ్లు నిలిచిన అంకెను ఆ ఒక్క రాత్రి 74.7 మిల్లీమీటర్ల తేడాతో దాటేసింది. ఇంకొక్క మాట: వాతావరణ శాఖ వర్గీకరణలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వరకు భారీ వర్షం, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ వర్షం, 204.5 అంతకంటే ఎక్కువైతే అత్యంత భారీ వర్షం. దీని ప్రకారం బేగంపేట కేంద్రంలో ఆ రాత్రి కురిసిన 191.8 మిల్లీమీటర్లు అతి భారీ వర్షం, ఘట్‌కేసర్‌లో కురిసిన 32 సెంటీమీటర్లు అత్యంత భారీ వర్షం. పిల్లలు ఈ రెండు మాటలనూ కలిపేయకుండా చూడండి.

సమాధానం: అంధేరీ తెలుగువాడు, ముంబయి

మాస్టారి ప్రశ్న చూడగానే మా ఊరి సంగతి గుర్తుకు వచ్చింది. 2005 జూలై 26 అంటే ముంబయిలో ఎవరైనా వరద అనే అంటారు. ఆ మధ్యాహ్నం మొదలైన వానలో లక్షలాది మంది ఇళ్లకు చేరలేక రోడ్ల మీద, రైళ్లలో చిక్కుకుపోయారు. కానీ శాంతాక్రజ్ కేంద్రంలో కొలిచిన 944.2 మిల్లీమీటర్లు వాతావరణ శాఖ పుస్తకాల్లో జూలై 27 ఉదయం 8.30కు ముగిసిన 24 గంటల వర్షపాతం. పై పెద్దాయన చెప్పిన నియమమే ఇక్కడా వర్తిస్తుంది.

మాస్టారి రెండవ చిక్కుకు కూడా ఇదే ఉదాహరణ పనికివస్తుంది. అదే 24 గంటల్లో దక్షిణ ముంబయిలోని కొలాబా కేంద్రంలో కురిసింది కేవలం 73.4 మిల్లీమీటర్లు. రెండు కేంద్రాలూ ఒకే నగరంలో ఉన్నాయి, రెండూ వాతావరణ శాఖవే, రెండు అంకెలూ నిజమే. నగరం పేరు రాసి పక్కన ఒక్క అంకె వేసి ఊరుకుంటే ఆ రోజు ముంబయికి ఏమైందో చదివేవారికి తెలియదు. కాబట్టి మీ గోడపత్రికలో ప్రతి అంకె పక్కనా కేంద్రం పేరు తప్పకుండా ఉండాలి.

సమాధానం: రెడింగ్ నుంచి, ఇంగ్లండ్

ఇక్కడి పద్ధతి తెలిస్తే మాస్టారికి, పిల్లలకు ఆసక్తిగా ఉంటుందని రాస్తున్నాను. బ్రిటన్‌లో వర్షమాపకాన్ని సార్వత్రిక కాలమానం ప్రకారం ఉదయం 9 గంటలకు చదువుతారు, కానీ చదివిన అంకెను ఆ రోజు కింద కాక ముందు రోజు కింద వేస్తారు. అంటే అక్టోబర్ 13 రాత్రి వాన ఇక్కడ కురిసి ఉంటే, 14వ తేదీ ఉదయం కొలిచి 13వ తేదీ కింద రాసేవారు. అమెరికాలో ప్రధాన విమానాశ్రయ కేంద్రాలు అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి లెక్క కడతాయి. కాబట్టి వేర్వేరు దేశాల నగరాలను ఒకే తేదీకి పోల్చే పట్టిక ఏదైనా కనిపిస్తే, ఏ పద్ధతిలో తేదీ వేశారో చూడకుండా నమ్మకూడదు.

కొలత వేళ స్థిరంగా ఉండటం వల్ల ఇంకొక ఫలితం కూడా ఉంది. ఒకే వాన 8.30కు అటూ ఇటూ కురిస్తే సగం ఒక తేదీకి, సగం మరో తేదీకి పోతుంది. రెండింటిలో ఏదీ రికార్డు కాకపోవచ్చు. అందుకే బ్రిటన్‌లో రెండు రికార్డులను వేరువేరుగా చెబుతారు. ఉదయం 9 నుంచి 9 వరకు లెక్కించే వర్షదినపు రికార్డు మార్టిన్స్‌టౌన్‌లో 1955 జూలై 18న 279.4 మిల్లీమీటర్లు, ఏ వేళ నుంచైనా వరుసగా 24 గంటలు తీసుకుంటే హోనిస్టర్ పాస్‌లో 2015 డిసెంబర్ 5 సాయంత్రం 6 గంటలకు ముగిసిన 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్లు. 2020లో మీ వాన పుంజుకునేసరికి సాయంత్రమైంది, ఉదయానికి చాలావరకు తెరిపి ఇచ్చింది కనుక అది రెండు తేదీల మధ్య చీలిపోకుండా ఒకే లెక్కలోకి వచ్చింది.

సమాధానం: గణాంకం, హనుమకొండ

నేను గణాంకశాస్త్రం బోధిస్తాను కాబట్టి సగటు గురించి, వెబ్‌సైటు అంకెల గురించి చెబుతాను.

ముందు వెబ్‌సైటు సంగతి. ఏ నగరానికైనా, ఏ తేదీకైనా పాత వాతావరణం చూపించే వెబ్‌సైట్లలో చాలా వాటికి ఏ ఊళ్లోనూ వర్షమాపకం ఉండదు. పాత పరిశీలనలన్నింటినీ కంప్యూటర్ నమూనాలో కలిపి, భూమి మీది గడి గడికీ గంట గంటకూ ఏమి జరిగి ఉంటుందో పునర్నిర్మించిన సమాచారాన్ని అవి వాడుతాయి. ఐరోపా మధ్యకాలిక వాతావరణ సూచనల కేంద్రం తయారుచేసిన ఈఆర్ఏ-5 అటువంటిదే. అది 1940 నుంచి ఉంది, ఒక్కొక్క గడి సుమారు 31 కిలోమీటర్లు. ఘట్‌కేసర్‌లో పడిన వానా బేగంపేటలో పడిన వానా అంత పెద్ద గడిలో సర్దుకుపోయి ఒకే అంకెగా బయటికి వస్తాయి కనుక, మేఘం విరుచుకుపడిన చోటి తీవ్రత అందులో కనిపించదు. దానికి తోడు ఆ వెబ్‌సైట్లు అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి లెక్క కట్టి ఉండవచ్చు. పెద్ద ప్రాంతాల మీద, దీర్ఘకాలపు పోకడలను చూడటానికి ఆ సమాచారం ఎంతో విలువైనది. ఒక నగరంలో ఒక రాత్రి రికార్డు ఎంత అన్న ప్రశ్నకు మాత్రం దాన్ని ఆధారంగా తీసుకోకూడదు. మీ మిగిలిన రెండు అంకెల్లో 191.8 బేగంపేట కేంద్రానిది. 19 సెంటీమీటర్లన్నది దాన్నే దగ్గరి పూర్ణాంకానికి సవరించి చెప్పడం. 32 సెంటీమీటర్లు అక్కడికి తూర్పున ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఘట్‌కేసర్‌ది. ఉప్పల్ ఈ రెండింటి మధ్యలో ఉంది కనుక మీ వీధిలో కురిసినది ఈ రెండు అంకెల్లో ఏదీ కాకపోవచ్చు.

ఇక సగటు. వాతావరణ శాస్త్రంలో 30 ఏళ్ల సగటును సాధారణం అంటారు. ఇప్పుడు వాడుకలో ఉన్నది 1991 నుంచి 2020 వరకు ఉన్న కాలం. అంతకు ముందు 1981 నుంచి 2010 వరకు. నెల మొత్తానికో, నైరుతి రుతుపవనాల కాలానికో ఈ సగటు బాగా పనిచేస్తుంది. ఒకే తేదీ దగ్గరికి వచ్చేసరికి మన చేతిలో ఉండేవి 30 అంకెలే, వాటిలో చాలా వరకు సున్నాలే. అక్టోబర్ 14నే తీసుకోండి. 191.8ని 30తో భాగిస్తే దాదాపు 6.4 వస్తుంది. అంటే 2020 నాటి ఆ ఒక్క రాత్రి వల్లనే అక్టోబర్ 14 సగటు 6.4 మిల్లీమీటర్లు పెరిగింది. 1981–2010 సగటులో ఆ సంవత్సరం లేదు కనుక ఈ పెరుగుదలా లేదు. పాత సగటునూ కొత్త సగటునూ పక్కపక్కన పెట్టిన విద్యార్థి అక్టోబర్ 14న హైదరాబాద్‌లో వానలు బాగా పెరిగాయని అనుకుంటాడు, కానీ జరిగింది ఒక్క వాయుగుండం రావడం మాత్రమే. ఆగస్టు 24 కూడా అంతే. 2000లో ఆ తేదీ కింద బేగంపేటలో నమోదైన 241.5 మిల్లీమీటర్లు ఒక్కటే ఆ తేదీ సగటుకు 8 మిల్లీమీటర్లు కలుపుతుంది, 23వ తేదీ సగటుకు ఏమీ కలపదు. పక్కపక్కనున్న రెండు తేదీల మధ్య వాతావరణంలో అంత తేడా ఉండదని మనందరికీ తెలుసు.

అందువల్ల ఒక్క తేదీకి సగటు ఇవ్వవద్దని నా సలహా. ఇవ్వాలనుకుంటే ఆ తేదీకి ముందు ఏడు రోజులు, తరువాత ఏడు రోజులు కలిపి పదిహేను రోజుల సగటు ఇవ్వండి, లేదా సగటు మాట వదిలి, ముప్పై ఏళ్లలో ఎన్నేళ్లు ఆ తేదీన 2.5 మిల్లీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ వాన పడిందో లెక్కించి చెప్పండి. వాతావరణ శాఖ వర్షదినం అని లెక్కించేది ఆ కొలతనే. పిల్లలకు కూడా ముప్పైలో ఎన్నిసార్లు అన్నది సగటు కంటే తేలికగా అర్థమవుతుంది.

రికార్డుల గురించి కూడా ఒక విషయం చెప్పాలి. వాతావరణం ఏ మార్పూ లేకుండా స్థిరంగా ఉందనుకున్నా తేదీల రికార్డులు పడుతూనే ఉంటాయి. కొలవడం మొదలుపెట్టిన మొదటి ఏడు ఏ ఉష్ణోగ్రత వచ్చినా అదే రికార్డు. రెండో ఏడు రికార్డు మారే అవకాశం సగం, మూడో ఏడు మూడో వంతు, నూరో ఏడు నూరో వంతు. వీటన్నింటినీ కూడితే నూరేళ్లలో ఒక తేదీకి సగటున ఐదు సార్లు రికార్డు మారుతుంది. నూరేళ్ల లెక్కలున్న నగరంలో ఏడాదికి 365 తేదీలు కాబట్టి, ఏ కారణమూ లేకుండానే ఏటా మూడు, నాలుగు తేదీల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత రికార్డు మారడం సహజం. 'ఈ తేదీన ఇంత ఎండ ఎన్నడూ లేదు' అన్న వార్త చూసినప్పుడు పిల్లలు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. భూమి వేడెక్కుతోందా లేదా అన్నది ఒక తేదీ రికార్డు చెప్పలేదు. పదేళ్ల పాటు ఏడాదిలోని తేదీలన్నింటిలో ఎన్ని వేడి రికార్డులు మారాయి, ఎన్ని చలి రికార్డులు మారాయి అని రెండింటినీ లెక్కపెట్టి పోల్చితే అప్పుడు తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఇంతవరకు నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న, అత్యల్పం 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న. మండే మే నెలను వదిలి రికార్డు జూన్ 2న ఉండటం చూసి ఆ తేదీకి ఏదో ప్రత్యేకత ఉందనుకోకూడదు. ఆ ఏడు రుతుపవనాలు ఇంకా రాకముందు వచ్చిన వడగాలి అది, ఒక రోజు ముందో వెనుకో అయి ఉంటే రికార్డు పక్క తేదీకి చేరేది.

సాంఘికం మాస్టారు, ఉప్పల్

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఉదయం 8.30 సంగతి తరగతిలో చెప్పగానే పిల్లలు తమకు తెలిసిన తేదీలన్నీ ఏ లెక్కలోకి వస్తాయోనని ఉత్సాహంగా అడిగారు. వాళ్లలో ఒక అమ్మాయి వేసిన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోయాను. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వచ్చి వేల మంది చనిపోయారని పాఠంలో చదువుకున్నాం కదా, మరి ఆ తేదీకి నగరంలో వర్షపాతం రికార్డు కూడా అంత పెద్దదిగా ఉండాలి కదా అని అడిగింది. వరద తేదీని వాన తేదీగా గోడపత్రికలో వేయవచ్చా?

సమాధానం: పురానాపూల్ వాసి

మాస్టారూ, ఆ అమ్మాయి చాలా మంచి ప్రశ్న అడిగింది. మూసీ వరద గురించి నగరవాసులు తెలుసుకోవలసిన ముఖ్య విషయం అందులోనే ఉంది. ఆ రోజు నగరాన్ని ముంచిన నీటిలో అధిక భాగం నగరం మీద కురిసినది కాదు. నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదుల పరీవాహక ప్రాంతంలో కురిసినది. వరద తరువాత నిజాం ప్రభుత్వం పిలిపించగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు ఎగువ ప్రాంతమంతా పరిశీలించారు. శంషాబాద్ వర్షమాపకంలో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు నమోదైనట్లు ఆయన రాశారు. ఇప్పటి కొలతల్లో చెబితే సుమారు 325 మిల్లీమీటర్లు, 480 మిల్లీమీటర్లు. ఎగువన ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయి. ఒక చెరువు తెగి దిగువ చెరువు మీద పడటం, అది తెగి ఇంకొక దాని మీద పడటం, అలా చేరిన నీరంతా తెల్లవారేసరికి అఫ్జల్‌గంజ్ మీదికి వచ్చింది.

కాబట్టి నగరంలోని మాపకం చదివిన అంకె ఎంతైనా, వరద ఎంత పెద్దదో అది చెప్పదు. వాన ఒక చోట, ఒక తేదీన కురుస్తుంది. వరద ఇంకొక చోట, మరో వేళకు వస్తుంది. గోడపత్రికలో సెప్టెంబర్ 28ని వేయాలంటే వరద తేదీగానే వేసి, శంషాబాద్ వర్షపాతాన్ని దాని పక్కన 'ఎగువన కురిసిన వాన' అని రాయండి. ఆ అనుభవంతోనే విశ్వేశ్వరయ్య గారు ఎగువన జలాశయాలు కట్టాలని సూచించారు; 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. 2020 అక్టోబర్ 13 రాత్రి హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తవలసి వచ్చిందన్నది మీ పిల్లలకు రెండు తేదీలనూ కలిపి చెబుతుంది. అయితే 2020లో మీ వైపు ఇళ్లు మునగడానికి మూసీ ఒక్కటే కారణం కాదు, నగరంలోని చెరువులు, వాటిని కలిపే నాలాలు పొంగడం పెద్ద కారణం. గగన్‌పహాడ్‌లో అప్ప చెరువు తెగి నీరు ఏకంగా జాతీయ రహదారి మీదికి వచ్చింది. 1908లో ఎగువన తెగిన చెరువుల పేర్లు ఇప్పుడు ఎందరికి తెలుసు? 2020లో తెగిన వాటి పేర్లైనా పిల్లల చేత రాయించండి.

సమాధానం: విశ్రాంత పరిశీలకుడు, మచిలీపట్నం

మాస్టారూ, గోడపత్రిక ఎలా వేయాలో కూడా చెప్పి ముగిస్తాను. ఒక్క తేదీకి బదులు అక్టోబర్ 13, 14 రెండూ కలిపి వేయండి. ప్రతి అంకెకూ నాలుగు గడులు ఉండాలి: కొలిచిన తేదీ, వాన కురిసిన వేళ, కేంద్రం పేరు, కొలత. 2020కి ఆ వరుస ఇలా ఉంటుంది: అక్టోబర్ 14, 13 ఉదయం 8.30 నుంచి 14 ఉదయం 8.30 వరకు, బేగంపేట, 191.8 మిల్లీమీటర్లు. కేంద్రం పేరు విషయంలో మరొక జాగ్రత్త ఉంది. 1903లో బేగంపేట విమానాశ్రయమే లేదు, కాబట్టి ఆనాటి 117.1 ఇప్పుడున్న చోట కొలిచినది అయ్యే అవకాశం లేదు. అంత పాత అంకెలకు కేంద్రం గడిలో 'హైదరాబాద్' అని మాత్రమే రాయడం నిజాయితీగా ఉంటుంది.

పాత సంవత్సరాల రోజువారీ అంకెలు వాతావరణ శాఖ పుణె కార్యాలయం దగ్గర భద్రంగా ఉంటాయి. విద్యా అవసరాలకు దరఖాస్తు చేసుకుని తీసుకోవచ్చు. గడుల రూపంలో ఉన్న వర్షపాత సమాచారం 1901 నుంచి, ఉష్ణోగ్రతల సమాచారం 1951 నుంచి కూడా ఆ శాఖే ఇస్తుంది, కానీ పైన గణాంకం గారు చెప్పినట్లు అది ఒక కేంద్రపు రికార్డుకు బదులు కాదు. పాఠశాల తరఫున దరఖాస్తు రాసేటప్పుడు కేంద్రం పేరు, కావలసిన తేదీలు, ఏ అంశాలు కావాలో విడివిడిగా రాయండి. ఊరికే 'అక్టోబర్ 13 వాతావరణం' అని అడిగితే మీకు కావలసిన వాన పట్టికలో ఒక వరుస కింద ఉండిపోతుంది, అందుకే 12 నుంచి 15 వరకు నాలుగు తేదీలూ అడగండి.